కడతడి

ఎర్రమిట్ట చెరువు తూములో మళ్ళకు నీళ్ళు వదిలే నీరుగంటి చేయి తప్ప మరో చేయి పడకూడదన్నది ఆ ఊరి పాత కట్టుబాటు. ఎంతటి ఆసామి అయినా కట్ట మీద నిలబడి నీళ్ళు అడగవలసిందే గాని తూములోకి దిగరాదు. దిగడం నీరుగంటి పని. నీరుగంటి అంటే ఊరవతలి పేట మనిషి. పేట మనిషి పని పై వీధి మనిషి చేస్తే పరువు పోతుంది. ఆ కట్టుబాటులో గౌరవమెంతో, అవమానమెంతో విడదీసి చూసిన వాళ్ళు లేరు. నీరుగంటి గురుస్వామి బతికినన్నాళ్ళూ రెంటినీ ఒకే భుజం మీద మోశాడు. ఆయన పోయాక కూతురు లూదియా మోస్తున్నది. ఆయన పై వీధి వాళ్ళను "సామీ" అనేవాడు. ఈమె సాటివాళ్ళను పిలిచినట్టు "అప్పా" అంటుంది. ఆ ఒక్క మాటకే పై వీధిలో చాలామంది ఆమె ముఖం చూడరు; నీళ్ళు కావలసిన రోజున మాత్రం చూస్తారు.

చెరువు కింద నేల మెట్లు మెట్లుగా దిగుతుంది. కట్టను ఆనుకొని ఉన్నవి పై మళ్ళు. అవి శ్రీనివాసులువి, రంగయ్యవి, వాళ్ళ దాయాదులవి. అడుగున, పంటకాలువ సన్నబడి సన్నబడి దారమంతై ఆగిపోయే చోట ఉన్నవి కడ మళ్ళు; అవి పేట వాళ్ళవి. నీళ్ళు నిండుగా ఉన్న రోజుల్లో పై మళ్ళే ముందు తాగుతాయి. చెరువు అడుగంటి, ఇక ఒక్క తడికే నీళ్ళున్నాయని నీరుగంటి చెప్పిన నాడు మాత్రం వరుస తిరగబడుతుంది. ఆ చివరి తడి కడ మళ్ళలో మొదలై పైకి రావాలి. దానికి కడతడి అని పేరు. ఏడాదంతా ముందు తాగినవాడు ఆ ఒక్కనాడు ఆగాలి. పై వీధి వాళ్ళు తిట్టుకుంటూనే ఆగేవాళ్ళు.

ఇప్పుడు ఆ చెరువు మీదికి కొత్త దాహమొకటి వచ్చింది.

చెరువుకు పడమట కంకర మిట్ట మీద, పేట మేకలు మేసిన చోట, ప్రభుత్వం ఒక కంపెనీకి భూమి ఇచ్చింది. గోడలు లేచాయి. కిటికీలు లేవు. లోపల మనుషులు పెద్దగా ఉండరట. అలమరల నిండా కంప్యూటర్లు ఉంటాయట. ఎక్కడో ఎవరో ఫోనులో ప్రశ్న అడిగితే ఇక్కడ జవాబు తయారవుతుందట. తయారయ్యే కొద్దీ అవి వేడెక్కుతాయట. వేడెక్కే కొద్దీ నీళ్ళు కావాలట. నంద్యాల వైపు నుంచి శనగ చేల మీదుగా కొత్త కరెంటు తీగలు వచ్చాయి. జనరేటర్లను పరీక్షించిన రోజుల్లో పేట గోడలు గుయ్యిమని మోగాయి, గొడ్లు మేత ముట్టలేదు, పసిపిల్లలు చంకల్లోంచి దిగలేదు. దాని పేరు డేటా సెంటర్. పేటలో మాత్రం కిటికీల్లేని ఇల్లు అన్నారు.

గోడలు లేవకముందే ప్రజాభిప్రాయ సేకరణ హైస్కూలు ఆవరణలో, షామియానా కింద జరిగింది. ముందు కుర్చీల్లో పై వీధి. వెనుక నేల మీద పేట. శ్రీనివాసులు లేచి, కంపెనీ రావడం ఊరి అదృష్టమన్నాడు. ప్రహరీ గోడకు కంకర తోలే పని అప్పటికే అతని ట్రాక్టర్లకు దక్కింది. అతడు ఔనన్నాడు గనుక రంగయ్య కాదన్నాడు. ఆ రెండిళ్ళ మధ్య తాతల నాటి నుంచీ నడిచే పద్ధతే అది. రంగయ్య భూగర్భ జలమన్నాడు, గాలి అన్నాడు, రేపటి తరమన్నాడు, బాగానే అన్నాడు. అని, తన మనుషులనందరినీ వెంటబెట్టుకొని, నినాదాలిస్తూ షామియానా దాటి వెళ్ళిపోయాడు. బహిష్కరించడం గొప్ప దెబ్బ అనుకున్నాడు. కాదనే కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. ఔననే కుర్చీలు మిగిలాయి. అధికారుల పని సులువైంది.

అప్పుడు లూదియా లేచింది.

"ఈ మిషన్లకు దినానికి ఎన్ని నీళ్ళు గావాల సార్?"

 వేదిక మీద ఒకాయన మైకు దగ్గరికి జరిగాడు.

"ఆ వివరం కంపెనీ వ్యాపార రహస్యం అమ్మా. బయటికి చెప్పే వీలు లేదు."

"తాగేది మా చెరువు గదా సార్. ఎంత తాగుతాడో చెప్పకుంటే పోసేదెట్లా?"

"కూచోమ్మే," అన్నాడు శ్రీనివాసులు, వెనక్కి తిరగకుండానే. "జీతమిచ్చి పోయించుకుంటార్లే నీతో."

ముందు వరుసలు నవ్వాయి. లూదియా కూర్చోలేదు. నిలబడే ఉంది. కానీ మైకు అప్పటికే ఇంకొకరి చేతికి పోయింది.

నెల తిరక్కముందే, జనరేటర్లకు డీజిలు పోసే పని రంగయ్య పెట్రోలు బంకుకు వచ్చింది. రేపటి తరం మాట మళ్ళీ ఆయన నోట వినబడలేదు. ఆ తరువాత, రెండో పంటకు పై మళ్ళను బీడు పెడితే పరిహారమిస్తామన్నది కంపెనీ. పై వీధి పుచ్చుకొన్నది. చెరువు నీళ్ళ మీద హక్కు వదులుకున్నామని చెప్పింది. వాళ్ళు వదులుకున్నది తమ వంతు. వాళ్ళు అప్పజెప్పింది మొత్తం చెరువు. కడ మళ్ళ ఊసు ఎవరూ ఎత్తలేదు.

కడ మళ్ళలో వరి పొట్ట మీద ఉంది. ఒక్క తడి అందితే గింజ పాలు పోసుకుంటుంది. అందకపోతే తాలై ఎండుతుంది. చెరువులో మిగిలింది సరిగ్గా ఆ ఒక్క తడి. సోమవారం ఎవరో పెద్ద నాయకుడు వచ్చి కంపెనీ మోటార్ల మీట నొక్కుతాడు. నొక్కితే సాయంత్రానికల్లా నీటి మట్టం తూము గడప కిందికి దిగిపోతుంది. ఆ సంగతి లూదియాకు తెలుసు. శ్రీనివాసులుకూ తెలుసు. అందుకే శనివారం పొద్దున అతడు పేటకు వచ్చాడు.

వచ్చి, దారిలోనే ఆగాడు. "లూదియా," అని కేకేశాడు. అతని వెంట వచ్చిన యువకుడు మాత్రం చెప్పులు విడిచి నేరుగా వసారాలోకి అడుగుపెట్టాడు. పేరు ప్రేమ్ సాగర్. నంద్యాలలో పాస్టరు ఫిలిప్ గారి కొడుకు, ఇంజనీరింగు చదివినవాడు. ఒంటి మీద కంపెనీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు. పేటతో మాట్లాడడానికి పేట పుట్టుకవాడే మేలని కంపెనీ అతణ్ణి ఏరుకున్నది. అది అతనికి తెలుసో, తెలియదో.

"వందనాలక్కా," అన్నాడు.

"వందనాలు. దేవుని పని మీద వచ్చినావా నాయనా, కంపెనీ పని మీదనా?" అంది లూదియా, చేటలో బియ్యం చెరగడం ఆపకుండానే.

తల్లి బాలమ్మ చాప పరిచి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతడు తాగాడు. తాగి, చెప్పదలచుకున్నది చెప్పాడు. పంప్ హౌస్‌లో ఉద్యోగం. నెల జీతం. కార్డు. నీళ్ళలో నానే పని ఉండదు. ఒక బటన్ నొక్కాలి, ఇంకో బటన్ నొక్కాలి, అంతే.

"మరి తూము?"

"తూముకు సిమెంటు పెట్టి మూసేస్తారక్కా. సోమవారం తర్వాత దాంతో పని లేదు."

"కడ మళ్ళకో?"

అతడు చెంబు అంచు చూస్తూ అన్నాడు. "అవి ప్రభుత్వం పంచిన భూములు గదా. పరిహారమివ్వడానికి ఏదో అడ్డముందట. తర్వాత చూస్తామన్నారు."

"తర్వాత అంటే వరి కాసుకోని ఉంటాదా?"

"ఏందప్పా అంతసేపు?" దారిలోంచి శ్రీనివాసులు. "దాంతో బేరమేంది? చేస్తాదా చెయ్యదా, ఒక్క మాట చెప్పమను."

"ఎండలో యాడ నిలబడతావు శీనప్పా. లోపలికి రా. మంచమేస్తా."

"నాకు పనుండాది."

"మీ తాతకూ పనే ఉండెనంట. ఈ గడప దాకా ఒక్కనాడూ రాల్యా ఆయప్ప."

శ్రీనివాసులు ముఖం తిప్పుకొని బీడీ వెలిగించాడు. మాట ముదరకుండా ప్రేమ్ సాగర్ ఫోను తీశాడు. "ఇదేం దయ్యం కాదక్కా, మీరు భయపడతాండారు గానీ. ఏదైనా అడుగు. తెలుగులోనే చెబుతుంది." ఫోను ఆమె ముందు పెట్టాడు.

లూదియా చేట పక్కన పెట్టింది. ఫోను మీదికి వంగి, చెవిటి ముసలమ్మను పలకరించినట్టు గట్టిగా అడిగింది. "మ్మే, నీకు దినానికి ఎన్ని నీళ్ళు గావాల?"

ఫోనులోంచి తేనె లాంటి ఆడగొంతు వచ్చింది. "క్షమించండి. ఆ సమాచారం నా వద్ద అందుబాటులో లేదు. నీటిని పొదుపుగా వాడుకోవడం మనందరి బాధ్యత."

బాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సచ్చినాది, ఆపీసరు మాదిరే మాట్లాడతాందే."

ప్రేమ్ సాగర్‌కు కూడా నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. ఫోను జేబులో వేసుకొని, గొంతు తగ్గించి, ఈసారి కంపెనీ మాటలు కాకుండా తన మాటలు మాట్లాడాడు. "అక్కా, మా జేజినాయన కూడా నీరుగంటే. చలికాలంలో తూములో దిగి దిగి రొమ్ము జబ్బుతో పోయినాడు. మా నాయన చదువుకున్నాడు గనుక మేము బయటపడినాం. నిన్నూ బయటపడమంటాండా. అంతే."

ఆ మాట నిజమైనదని లూదియాకు తెలిసింది. తెలిసినందుకే కోపం పెరిగింది. "బయటపడినోడివి మళ్ళా తూము కాడికే వచ్చినావే," అంది. "కడతడి ఇచ్చినాక మాట్లాడదాం పో."

శ్రీనివాసులు బీడీ పారేశాడు. "పై మళ్ళు బీడు పడినంక కడతడి యాడిది? తూము కాడ నీ నీడ పడిందంటే కేసు పెట్టిస్తా. చెప్పినానని గుర్తు పెట్టుకో."

"పెట్టించు."

మరునాడు ఆదివారం. ఆరాధన ముగిసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దీవెన ముగిసింది, ఆమెన్ అన్నారు, చెప్పులు వెతుక్కుంటూ జనం బయటికి వచ్చారు. గుమ్మం దగ్గర నిలబడి లూదియా ఒక్కొక్కరికీ ఒకే మాట చెప్పింది. "పారలు తీసుకోని మళ్ళ కాడికి పోండి." ఎవరూ ఎందుకని అడగలేదు. భర్త మోషే ఆటో తాళం చెవి జేబులో వేసుకొని, పార కోసం ఇంటి వైపు నడిచాడు.

బాలమ్మ మాత్రం కూతురి మోచేయి పట్టుకుంది. "వద్దు పాపా. రేపు మనల్ని బతకనిస్తారా వాళ్ళు?"

"ఈ పొద్దు బతకనిస్తాండారా మా?"

బాలమ్మ చేయి వదిలింది. "తెల్లచీర మ్మే, మార్చుకోని పో," అంది. లూదియా మార్చుకోలేదు.

పై వీధి అన్నం తిని పడుకున్న వేళ అది. కట్ట మీద ఎవరూ లేరు. పడమట కిటికీల్లేని ఇల్లు ఎండలో తెల్లగా, మూగగా నిలబడి ఉంది. లూదియా చెరువులోకి దిగింది. మోకాలు దాటింది, నడుము దాటింది; అడుగున బురద చల్లగా పాదాలను పట్టుకొని వదిలింది. తూము రాతిస్తంభాల నడుమ కడ్డీ ఉంది; కడ్డీ కొనన, తూము నోటిలో, బిరడాలా మొద్దు ఉంది. రెండు చేతులా పట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క గుంజు గుంజింది. మొద్దు కదిలింది. కింద ఎక్కడో నీరు గొంతు సవరించుకున్నట్టు ఒక శబ్దం, తరువాత ఆగని శబ్దం. కట్టకు ఆవల కాలువ తడిసింది, పారింది, పరుగెత్తింది. కడ్డీ మళ్ళీ కిందికి జారకుండా చీల దిగ్గొట్టి, తూము రాతి మీదికెక్కి, ఆమె అక్కడే కూర్చుంది.

సంగతి తెలిసి పై వీధి వాళ్ళు వచ్చేసరికి చెరువు ఒడ్డున తడి బురద చాపంత వెడల్పు బయటపడింది. శ్రీనివాసులు వచ్చాడు; రంగయ్య వచ్చాడు; ఇద్దరి మనుషులూ వచ్చారు. నంద్యాల కోర్టు వాయిదాల్లో తప్ప ఒకచోట నిలబడని ఇద్దరూ ఆ పూట ఒకే కట్ట మీద నిలబడ్డారు.

"మూయ్," అన్నాడు శ్రీనివాసులు.

"కడతడి శీనప్పా. కడ మళ్ళు తాగినాక మూస్తా."

"కంపెనీ నీళ్ళవి."

"కంపెనీవోళ్ళను వచ్చి అడగమను."

రంగయ్య కట్ట అంచుకు వచ్చి తొంగి చూశాడు. "దాంతో మాటలేంది? మీవోళ్ళను దింపు శీనప్పా. ఇద్దరు దిగితే గుంజి పారేస్తారు."

"మావోళ్ళెందుకు దిగల్ల? మీవోళ్ళను దింపు. డీజిలు దుడ్లు వచ్చేది నీకు గదా."

"కంకర దుడ్లు నీకు రాల్యా?"

వెనుక ఉన్న మనుషులు తమ కాళ్ళ వైపు చూసుకున్నారు. "దిగినోణ్ణి రేపట్నుంచి నీరుగంటోడనే పిలుస్తారు," అని ఎవరో గొణిగారు. గొణుగుడే అయినా కట్టంతా వినబడింది. ఎవరూ దిగలేదు. నీళ్ళు మాత్రం దిగుతూనే ఉన్నాయి.

కంపెనీ జీపు కట్ట మీదికి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. ప్రేమ్ సాగర్ దూకినట్టు దిగాడు. చెవి దగ్గర ఫోను; ఫోనులో ఎవరిదో అరుపు. "ఇంతమంది నిలబడి ఏం చేస్తాండారు? మూయండి. రేపు ప్రారంభం పెట్టుకొని."

శ్రీనివాసులు అతని వైపు తిరిగాడు. "నువ్వు దిగప్పా."

"నేనా?"

"నువ్వే. మీవోళ్ళ పనే గదా."

ఆ మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు. కోయిలకుంట్ల బస్సు ఎన్నింటికని అడిగితే చెప్పినట్టు చెప్పాడు. రంగయ్య కూడా తలూపాడు. "ఔ. ఆ పిల్లోడు దిగితే సరిపోతాది." ఆ రెండిళ్ళ వాళ్ళు ఒక మాట మీద నిలబడడం లూదియా పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ప్రేమ్ సాగర్ ఫోను చెవి నుంచి తీశాడు. కట్ట మీది ముఖాలన్నీ ఒకసారి చూశాడు. నిన్నటి దాకా సార్ అన్న ముఖాలవి. జీపులో పక్కన కూర్చొని టీలు తాగిన ముఖాలవి. వంగి బూట్లు విప్పాడు. మేజోళ్ళు మడిచి బూట్లలో పెట్టాడు. నీళ్ళలోకి దిగాడు. ఇస్త్రీ ప్యాంటు ఉబ్బి, తడిసి, కాళ్ళకు అంటుకుంది. తడబడుతూ తూము దాకా వచ్చి రాతిస్తంభాన్ని పట్టుకున్నాడు.

"లేయక్కా."

"లేయను."

"నా ఉద్యోగం పోతాది."

"పోతాది."

"నీకు జాలి ల్యాదా?"

"వరి ఎండిపోతాదని నీకు తెల్వదా? ఆ జాలి నీకుండెనా?"

అతడు కడ్డీ మీద చేయి వేశాడు. ఆమె చేతి పైన అతని చేయి. బలం అతనిదే ఎక్కువ. గుంజితే చీల ఊడుతుంది, మొద్దు దిగుతుంది. గుంజబోయాడు కూడా. ఆమె గోళ్ళు అతని మణికట్టులో దిగాయి.

"బేగా లాగప్పా," కట్ట మీంచి కేక. "ఆ పని మీ నెత్తురులోనే ఉంటాది, నేర్పల్లనా?" నవ్వులు. రెండు వర్గాల నవ్వులూ కలిసి ఒకటే నవ్వు.

ప్రేమ్ సాగర్ చేయి కడ్డీ మీదే ఆగిపోయింది.  తరువాత ఊడి వచ్చింది. అతడు వెనక్కి తిరిగి, నీళ్ళు చీల్చుకుంటూ ఒడ్డెక్కాడు. తడి కాళ్ళను బూట్లలోకి తొక్కాడు. శ్రీనివాసులు ముందు ఆగి, "మీ ఊరి చెరువు. మీరే దిగండి," అన్నాడు. అన్నవాడు అంతటితో ఊరుకోలేదు. అక్కడే నిలబడి ఆళ్ళగడ్డ స్టేషన్‌కు ఫోను చేశాడు. కంపెనీ తరఫున ఫిర్యాదు చెప్పాడు. లూదియా పేరు, గురుస్వామి పేరు, ఊరి పేరు, తప్పు లేకుండా చెప్పాడు. జీపు ఎక్కి, ఆమె వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

లూదియా లేచింది. చీల ఊడబీకి, కడ్డీని మొద్దుతో సహా తూములోంచి పూర్తిగా పెకలించింది. బురద కారుతున్న కడ్డీని భుజాన వేసుకొని కట్టెక్కింది. తెల్లచీర రొమ్ము దాకా ఎర్రబురద. ఆమె నడుస్తూ ఉంటే, ఆ తడి తమకు తగలకుండా ఇటు వాళ్ళు ఇటూ అటు వాళ్ళు అటూ జరిగి దారి ఇచ్చారు. ఆమె ఎవరినీ చూడలేదు. కాలువ వెంబడే, నీళ్ళ వెంబడే, కిందికి నడిచింది.

పొద్దు వాలేసరికి కడ మళ్ళలో మడి తరువాత మడి నిండుతూ వచ్చింది. మళ్ళ నడుమ గట్ల మీద, ఆ గెనాల మీద, పేటంతా ఉంది.  నిండిన మడికి గండి కట్టడం, ఎండిన మడికి గండి తెరవడం, అదే పని. బాలమ్మ కొంగు దోపుకొని నీళ్ళకు అడ్డం పడిన గడ్డి లాగుతోంది.

పోలీసు జీపు డొంకలో ఆగింది. దిగి వచ్చినామె కానిస్టేబుల్ హేమలత; గెనం మీద బూట్లు జారుతుంటే రెండు చేతులూ చాచి నడిచి వచ్చింది.

"లూదియా ఎవురు?"

"నేనే మేడమ్."

"ఆ కడ్డీ తీసుకోని జీపెక్కు. తూము మూసేసి, స్టేషన్‌కు రావల్ల."

"కడ్డీ కావాలంటే ఇస్తా మేడమ్. దిగేదెవరు?"

హేమలత దూరంగా కట్ట వైపు చూసింది. కట్ట మీద జనం ఇంకా నిలబడే ఉన్నారు. ఆమె కూడా ఆ చుట్టుపక్కల పుట్టిన మనిషే. "అందుకే నిన్ను పట్టుకు రమ్మన్నారు," అంది విసుగ్గా. "ఏం సాధిస్తివి మ్మే? రేపట్నుంచి మిట్ట మీద బోర్లేపిస్తారంట కంపెనీవోళ్ళు. చెరువు పోతే భూమిలోంచి లాగుతారు. నీ ఒక్క తడితో ఆగుతాదా అది?"

"ఆగదు."

"మరి?"

"ఈ వరికి ఇంకో తడి అక్కరల్యాదు మేడమ్."

జీపులోంచి హారన్ మోగింది. "కేసు గట్టిదే పెడతాండారు," అంది హేమలత. "ఎక్కు."

"రెండు మళ్ళుండాయి."

"ఏందీ?"

"ఇంకా రెండు మళ్ళుండాయి. అయినాక వస్తా."

హేమలత మళ్ళీ ఏదో అనబోయింది. లూదియా అప్పటికే వంగి ఉంది. పార ఒక్క వేటుకు గెనం తెగింది. నీళ్ళు నెర్రెలిచ్చిన మట్టి మీదికి నురుగుతో దూకి, ఒక్కొక్క నెర్రెలోకీ బుడబుడమంటూ దిగసాగాయి. జీపు హారన్ మళ్ళీ మోగింది, మళ్ళీ మోగింది. లూదియా మడి అవతలి మూల తడిసేదాకా అక్కడే నిలబడి, పార తీసుకొని చివరి మడి వైపు నడిచింది.